చిన్నచూపు ఎక్కడ లేదు?

6 జనవరి 2025, భీమవరం

రాత్రి ఏడున్నరకి అమెరికా రెసిడెన్సీ ఇంటర్వ్యూ. అక్కడ పొద్దున్న తొమ్మిది. అంతా బాగానే నడిచింది గానీ, చివర్లో ఒకాయన "మీ యాస మా పేషెంట్లకి అర్థమవుతుందంటారా?" అని అడిగారు. ఫిలిప్పీన్స్‌లో చదివేటప్పుడు దవావ్ వార్డుల్లో అక్కడి బిసాయ భాష నేర్చుకుని రోగులతో మాట్లాడానని, అమెరికాలోనూ అలాగే నేర్చుకుంటానని చెప్పాను. తలూపారు. లాప్‌టాప్ మూశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆయన అడిగింది యాస గురించా, నా గురించా?

9 జనవరి

బాబాయ్ వచ్చాడు. "అక్కడ మనోళ్లని చిన్నచూపు చూత్తారంటమ్మా. ఇక్కడే ఓ క్లినిక్కెట్టుకోరాదూ?" అన్నాడు. ప్రేమకొద్దీ అన్న మాటే. కానీ ఇక్కడ మాత్రం? విదేశాల్లో చదివొచ్చిన డాక్టర్లకి పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కి 150 వస్తే పాస్. పాసయ్యాను, ఇంటర్న్‌షిప్ కూడా చేశాను. అయినా ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నా ఫైలు తెరవకుండానే "ఫిలిప్పీన్స్ డాక్టరా? నైట్ డ్యూటీలకైతే చూద్దాం" అన్నారు.

దవావ్‌లో నాతో చదివిన ఫిలిపినో స్నేహితురాలికి ఫోన్ చేశాను. తనూ అమెరికాకే ప్రయత్నిస్తోంది. ఒకప్పుడు కాలిఫోర్నియా హోటళ్ల గుమ్మాల మీద ఫిలిపినోలు రాకూడదని బోర్డులుండేవని గుర్తుచేసింది. 1930 జనవరిలో వాట్సన్‌విల్‌లో గుంపులు ఫిలిపినో కూలీల మీద పడ్డాయి. ఫెర్మిన్ టొబెరా అనే 22 ఏళ్ల కుర్రాడు తూటా తగిలి చనిపోయాడు. "ఆ కథలు వింటూ పెరిగినవాళ్లే ఇవాళ అక్కడ నర్సులుగా పనిచేస్తున్నారు. భయం నాకూ ఉంది, అప్లికేషన్ మాత్రం వెనక్కి తీసుకోను" అంది.

12 జనవరి

ఇవాళ యల్లాప్రగడ సుబ్బారావుగారి పుట్టినరోజు. 1895లో మా భీమవరంలోనే పుట్టారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకి కంటగింపయ్యారు. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. బోస్టన్‌లో రాత్రిపూట ఆసుపత్రి పోర్టరు పని చేసి హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్ మీద, ఏటీపీ మీద అంత పని చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీకి వెళ్లారు.

భారతీయులు అమెరికా పౌరులు కాలేరని 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో తేల్చేసింది. 1946 జులై 2న ట్రూమన్ సంతకం చేసిన చట్టంతో గానీ ఆ దారి తెరుచుకోలేదు. ఆ చట్టం మాకొక్కరికే కాదు, ఫిలిపినోలకీ కలిపి వచ్చింది. ఏడాదికి చెరో వందమందికి వలస కోటా. సుబ్బారావుగారు పౌరసత్వం తీసుకోకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయారు.

15 జనవరి, కనుమ

పందేల గోల వీధి చివరిదాకా వినిపిస్తోంది. అమ్మమ్మ బోదకాలు సబ్బునీళ్లతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచాను. చీలమండ దగ్గర చర్మం చెట్టు బెరడులా గట్టిపడింది. ఈ జబ్బుకి మాత్ర ఆవిడ దాకా వచ్చేసరికే కాలు వాచిపోయింది. నా చిన్నప్పుడు ఆ డీఈసీ మాత్రలు ఇంటింటికీ తెచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేవారు. లెడర్లేలో సుబ్బారావుగారి బృందం తెచ్చిన హెట్రజాన్ అంటే అదే. పరాయిదేశంలో పరాయివాడిగానే ఉండిపోయిన మనిషి చేసిన పని తిరిగి మా వీధికే వచ్చింది.

ఆయన ఓర్చుకున్నారు కాబట్టి ఆయనకి జరిగింది న్యాయమైపోదు. నేను అలా ఓర్చుకోవాలనీ లేదు. పుట్టిన దేశాన్ని బట్టి ఉద్యోగంలో వివక్ష చూపడం 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం అక్కడ చట్టవిరుద్ధం. ఆయనకి లేని ఆ అండ నాకుంది. అవమానం ఎదురైతే తేదీ వేసి రాసిపెట్టుకుంటాను, ఫిర్యాదు చేస్తాను, మర్నాడు మళ్లీ వార్డుకి వెళ్తాను. చిన్నచూపుకి భయపడి ఆగిపోవడానికి ఇక్కడా అది తక్కువేం లేదు. శుక్రవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది, హాజరవుతున్నాను.