రంగు మనం వేసిందే, చోటు మాత్రం నిజం

మేము ముగ్గురం, ఉదయగిరి, ఆత్మకూరు యానాది పిల్లలం. ఒకే ల్యాప్‌టాప్‌లో చంద్ర ఎక్స్‌-రే టెలిస్కోపు డేటా దించుకున్నాం, అందరికీ ఉచితమే. కాసియోపియా ఏ అనే పేలిపోయిన నక్షత్రపు శిథిలం అది. తెరిస్తే నల్లగా, ఉత్త చుక్కలే. శక్తిని బట్టి వేరు చేశాం: 1.85 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరివి సిలికాన్, ఎరుపు, 6.7 దగ్గరివి ఇనుము, ఊదా. నక్షత్రం నడిమధ్యలో పుట్టిన ఇనుము ఒకవైపు సిలికాన్‌ని దాటి బయటుంది! పేలుడు లోపలిదాన్ని బయటికి తోసేసిందన్నమాట.

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎక్స్‌పోశాట్‌లోని ఒక పరికరం కూడా మొదట చూసింది దీన్నే. మన యానాదులు బతికిన దీవి అది. రాకెట్ కేంద్రం కోసం ఖాళీ చేయించారు. నేల పోయింది, ఈ చదువన్నా పోనివ్వొద్దు. నేర్చుకుంటామంటే చెప్పండి, కలిసి కూర్చుందాం.