ముహూర్తమును మంచుకనుమయు

మా తమ్ముడు చికాగోనగరము విడిచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటునకు కాపురము మార్చుచున్నాడు. అచ్చట నుద్యోగము కుదిరినది, ఇల్లును కొన్నారు. పుష్యమాసము గృహప్రవేశమునకు పనికిరాదు గావున మాఘమున మొదట వచ్చిన మంచిదినమును మా పెదనాన్నగారు నిర్ణయించినారు. సామానంతయు అద్దెట్రక్కున కెక్కించి, కూలికి సారథిని పెట్టుకొనక తామే తోలుకొని పోవుట ఆ దేశమున మధ్యతరగతి సంసారులలో వాడుక. ఇంతవఱకు సంతోషింపదగిన వార్తయే. కాని యా దారి 2,100 మైళ్ళకు పైబడినది. నడుమ రాకీపర్వతములును, వాని కావల సియెరా నెవాడాయును గలవు. మాఘమాసమనగా అచ్చట మంచు ముమ్మరముగా పడు కాలము. పెదనాన్నగారు లగ్నమును ఫ్రీమాంటు సూర్యోదయమునుబట్టియే గుణింపించిరి. అక్షాంశ రేఖాంశములు కనుగొన్న పెద్దలు మంచును కనుగొనకుండుట నాకు వింతగా తోచినది.

కనుగొన్నది మా మఱదలు. “బావగారూ, ముహూర్తమును నేను కాదనుట లేదు. ఆ దినమున కందుకొనవలెనన్న దారిలో ఒక్కపూటయైన నాగుటకు వీలులేదు. ఆ కొండలలో ఆగక పోవుదుమని యెవరు చెప్పగలరు?” అని టెలిఫోనులో నన్నడిగినది. ఆమె పదునొకండు చలికాలములు చికాగో మంచులో కారు నడపినది. మా తమ్ముని కా యనుభవము మూడేండ్లదే. అయినను ఇంటివారు “ఆడువారి భయము” అని ఆ మాటను కొట్టివేసిరి. ఆమె పంపిన లెక్కలను, పటమును ముందు పెట్టుకొని రెండు వారములు నేనును పరిశీలించితిని.

పటమున దారి సులువుగానే యున్నది. మొదటి దినము ఒమాహా, రెండవ దినము షయెన్, మూడవనాడు సాల్టులేకు సిటీ, తరువాత విన్నెమక్కా, రీనో, ఆపై ఫ్రీమాంటు. ఒమాహానుండి షయెన్‌వఱకు నేల బల్లపఱుపుగా తోచుచునే యుండును. ఆ యొక్కదినములో బండి తెలియకయే 5,000 అడుగు లెక్కును. షయెన్ దాటిన పిమ్మట షెర్మన్ శిఖరమువద్ద 8,640 అడుగులు. 80వ నంబరు రాజమార్గమున కంతకు నదియే మిక్కిలి యెత్తైన చోటు. కాని యసలు భయము దానియందు లేదు. లారమీనుండి రాలిన్సువఱకు నూఱు మైళ్ళ మేర మార్గము ఎల్కు పర్వతము చెంతనుండి పోవును. పాత బాట ఉత్తరముగా చుట్టు తిరిగి పోయెడిది. క్రొత్తబాట యీ త్రోవను వేయవలదని అచ్చటి పశువులకాపులు ముందే చెప్పిరని ప్రసిద్ధి. వారి మాట నెవ్వరును వినలేదు. 1970లో మార్గము తెఱచిరి. ఆ మొదటి చలికాలమునుండియు మూయుచునే యున్నారు. అచ్చట పడు మంచుకంటె లేచు మంచు ప్రమాదము. ఆకాశము నిర్మలముగానున్నను గాలి నేలమీది మంచును రేపి బాటను కప్పివేయును. గాలి హెచ్చినపుడు ఎత్తుగానుండి బరువు తక్కువైన బండ్లను పోనీయరు. ఇంకను హెచ్చినచో ఊరిచెంత ద్వారములు దించివేయుదురు. పరుపులును కుర్చీలును నింపిన అద్దెట్రక్కు సరిగా నట్టి బండియే.

దక్షిణముగా 40వ నంబరు మార్గమున పోరాదా యని నేనడిగితిని. పోవచ్చును, కాని ఫ్లాగ్‌స్టాఫువద్ద నదియు 7,000 అడుగుల కెక్కును, అచ్చటను మంచు పడును. కొండను తప్పించుకొనుట కాదు, కొండ తెఱపియిచ్చువఱకు ఆగగలుగుటయే కావలసినదని మఱదలు చెప్పినది. ఆ మాట నాకు నచ్చినది.

బండి సంగతియు వినదగినది. నిండుబరువు 26,000 పౌనులకు మించని ట్రక్కును అచ్చట సామాన్యమైన అనుమతిపత్రముతోనే నడపవచ్చును. నిన్నటిదాక చిన్నకారు తోలినవాడు నేడు పదునొకండు వేల కిలోలకు పైబడిన బండిని కొండదిగువకు తోలవచ్చునన్నమాట! చట్టమొప్పుకొన్నంతమాత్రమున బ్రేకు లొప్పుకొనవు. దిగునపుడు క్రిందిగేరులో ఇంజనుచేతనే వేగము నాపవలెను. కారునుగూడ వెనుక తగిలించి లాగుకొనిపోవలెనని మా తమ్ముని యూహ. మఱదలు వలదన్నది. దుప్పట్లు, నీరు, అటుకులు, పార చేతి కందునట్లుండవలెను. మంచులో చిక్కి బండి నిలిచినచో, పొగగొట్టము చుట్టు మంచు తీయనిదే వెచ్చదనమునకై ఇంజను నడపరాదు. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు, నిద్రలోనే చంపును.

కడపటి గండము డానర్ కనుమ, 7,239 అడుగులు. మంచు పడునపుడు చక్రములకు గొలుసులు కట్టని బరువుబండ్లను పైకి పోనీయరు. అద్దెబండికి గొలుసులు కట్టనిత్తురో లేదో ఒడంబడికలో ముందే చూచుకొనవలెను. ఆ కనుమకు పేరిచ్చినవారి కథ పెదనాన్నగారికి నేను చదివి వినిపించితిని. 1846లో ఎనుబదిమందికి పైగా ఎడ్లబండ్లలో కాలిఫోర్నియాకు పోవుచు, హేస్టింగ్సు అనునతడు చెప్పిన అడ్డదారి పట్టిరి. దగ్గఱదారియని పుస్తకమున వ్రాయునాటి కతడా త్రోవను తాను నడవనేలేదు. దారి విడిచినపుడు నాయకుని భార్య టామ్సెన్ డానర్ మిక్కిలి దిగులుపడినదని సహప్రయాణికుడొకడు తరువాత వ్రాసినాడు. ఆమె బడిపంతులమ్మగా పనిచేసినది. ఆమె దిగులు నెవ్వరును లెక్కింపలేదు. అడ్డదారి ఆలస్యము చేసినది. కనుమ చేరునప్పటికి మంచు మూసినది. సగమునకు కొంచె మెక్కువగా మాత్రమే బ్రతికిరి. 1847 వసంతమునకు ఆమెయు లేదు.

పెదనాన్నగారు చాలసేపు మాటాడలేదు. “అయితే శాస్త్రము మాటయేమి?” అనిరి. శాస్త్రమునుండియే చెప్పితిని. ముహూర్తగ్రంథములలో ప్రస్థానవిధి కలదు. మంచివేళకు తాను కదలలేనివాడు తన వస్తువొకటి పొరుగింట నుంచి, గడువులోపల వీలైనపుడు బయలుదేరవచ్చును. మన యాడువారు పరస్థానమనునది యిదియే. ఏఱు పొంగుననియు, బండియిరుసు విఱుగుననియు ఎఱిగినవారే దానిని కల్పించియుందురు. మా యమ్మ వెంటనే “పిల్ల చెప్పినట్లే కానిండు” అన్నది. పెదనాన్నగారు గొణుగుచునే పంచాంగము మరల తెఱచి, పండ్రెండు దినముల తరువాతి లగ్నమును చూచిరి.

ఇప్పటి యేర్పా టిది. పగటివేళ మాత్రమే ప్రయాణము. ఆఱు దినముల దారికి తొమ్మిది దినముల యద్దె; షయెన్‌లోగాని రీనోలోగాని మూడు దినము లాగవచ్చును. ఎక్కువ పడు సొమ్ములో కొంత నేను పంపుచున్నాను. నాలుగేండ్ల బిడ్డను మఱదలి యక్కగారు విమానములో తీసికొని వత్తురు. ఒడంబడికలో తోలువారి పేరు మొదట తమ్మునిదొక్కటే యుండెను. ఇప్పుడు మఱదలి పేరును చేర్చినారు. కొండభాగమంతయు ఆమెయే తోలును.

కరివేపాకు తొట్టి మాత్రము వెంట పోదు. నిమ్మతోటలను చెఱచు తెగులును మోయు పురుగు కరివేపనుగూడ నాశ్రయించును గావున, కాలిఫోర్నియావారు దాని నిష్టమువచ్చినట్లు రానీయరు. వచ్చు బుధవారము మంచివేళకు పసుపుగుడ్డలో బియ్యము మూటకట్టి పొరుగింట నుంచుదురు; తొట్టిని దాని ప్రక్కనే పెట్టుదురు. మూటను బయలుదేరునాడు తీసికొందురు. తొట్టి అచ్చటనే యుండును.