గడప దాటిన తరువాత

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుకు అవతల, చదును చేసిన ఎర్రమట్టి నేల మీద, 2022 వేసవిలో ఒక ఆదివారం ఉదయం భార్యాభర్తలిద్దరు నిలబడి ఉన్నారు. భర్త మాదాపూర్‌లోని ఒక సంస్థలో లెక్కల అధికారి. భార్య సికింద్రాబాదులోని ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని. పదిహేడేళ్లుగా తార్నాకలో అద్దె ఇళ్లలో కాపురం చేసి, కూడబెట్టిన సొమ్ముకు తెనాలి దగ్గర ఎకరం పొలం అమ్మగా వచ్చిన పైకం చేర్చి, సొంత గూటిని వెదుక్కుంటూ వచ్చినవారు. వారి చేతిలోని రంగుల కరపత్రం మీద ఒక పచ్చని ఆకు బొమ్మ, దాని క్రింద ఇది ధ్రువపత్రం పొందబోయే హరిత భవనమన్న ప్రకటన ఉన్నాయి.

కరపత్రంలో అబద్ధమేమీ లేదు. వాననీటిని ఇంకించే గుంటలు, వాడిన నీటిని శుద్ధి చేసి మొక్కలకు మళ్లించే ఏర్పాటు, మిద్దె మీద సౌరఫలకాలు, ఎండ వేడిమిని లోనికి రానీయని అద్దాలు, అన్నీ నమూనా ఇంటిలో కళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి. మామూలు ఇంటితో పోలిస్తే విద్యుత్తు నూటికి 30 వంతులు ఆదా అవుతుందన్నారు. ఇంజనీరు ఒక్కొక్కటే ఓపికగా వివరించాడు. అంతా విన్న తరువాత ఆమె ఒకే ఒక ప్రశ్న వేసింది.

"ఇక్కడ బస్సు ఎక్కడ ఆగుతుందండీ?"

అతడికి ఆ ప్రశ్న వింతగా తోచింది. "బస్సెందుకు మేడం? ఒక్కో ఇంటికి రెండు కార్లకు చోటు ఇస్తున్నాం కదా!" అన్నాడు.

ఇల్లు కొనబోయే వారు మన దేశంలో అడగని ప్రశ్న లేదు. సింహద్వారం ఏ దిక్కున ఉంది, వంటిల్లు ఆగ్నేయంలో పడిందా, బోరు ఎన్ని అడుగుల లోతు, ఇరుగు పొరుగు ఎటువంటివారు? గడప లోపలి సంగతులన్నీ కూలంకషంగా విచారిస్తారు. గడప దాటిన తరువాత మనిషి ప్రతి ఉదయం ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి అన్నది మాత్రం ఎందుచేతనో ఇంటి లెక్కలోకి రాదు.

ఈ ఏమరుపాటు సామాన్యులకే పరిమితమైనది కాదు. హరిత భవనాలకు మార్కులు వేసే విధానాలలో ప్రపంచమంతటా ఎక్కువ ప్రచారం పొందినది అమెరికాలో పుట్టిన లీడ్. అందులో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణిని మొట్టమొదట అందుకున్నది మేరీలాండ్ రాష్ట్రంలోని అనాపొలిస్‌లో, చెసపీక్ అఖాతం ఒడ్డున, 2000 సంవత్సరంలో వెలసిన ఫిలిప్ మెరిల్ పర్యావరణ కేంద్రం. అఖాతపు జలాలను కాపాడటానికి ఏర్పడిన ఒక సంస్థకు అది ప్రధాన కార్యాలయం. వాననీటి తొట్లు, నీరు అక్కరలేని మరుగుదొడ్లు, భూగర్భపు చల్లదనాన్ని వాడుకునే యంత్రాలు చూసి వాస్తుశిల్పులు ముచ్చటపడ్డారు. అయితే ఆ ఉద్యోగులు అంతకుముందు ఊరి నడిబొడ్డున పనిచేసేవారు. కొత్త భవనం ఊరి అంచున ఉండటంతో కారు ప్రయాణం పెరిగిందన్న విమర్శ తరువాత బయలుదేరింది. న్యాయంగా చెప్పాలంటే, ఇళ్ల వరుసలుగా మారవలసిన ఆ తీరభూమిని ఆ సంస్థ కొని కాపాడింది కూడా. ఒకే స్థలం ఒక లెక్కలో మేలు, మరో లెక్కలో కీడు కావచ్చునన్నమాట.

2007లో ఎన్విరాన్‌మెంటల్ బిల్డింగ్ న్యూస్ అనే అమెరికన్ పత్రిక లెక్క కట్టి చూసింది. అక్కడి సగటు కార్యాలయ భవనం దీపాలకు, చల్లదనానికి, వెచ్చదనానికి ఖర్చు చేసే శక్తి కంటే, అందులో పనిచేసేవారి రాకపోకలకు అయ్యే శక్తి నూటికి 30 వంతులు ఎక్కువని తేలింది. ఆనాటి లీడ్ నిబంధనలలో రైలు, బస్సుల చేరువలో కట్టినందుకు దక్కేది ఒక్క మార్కు. సైకిళ్లు నిలిపే చట్రం, స్నానాల గది పెట్టినందుకూ ఒక్కటే మార్కు! రైల్వే స్టేషను, సైకిల్ స్టాండు ఒకే తూకానికి తూగిన ఆ పద్ధతిని 2009లో సవరించి ప్రజారవాణా చేరువకు 6 మార్కులు కేటాయించారు. 2013లో వచ్చిన కూర్పులో స్థలం, రవాణా కలిపి ఒక ప్రత్యేక విభాగమే అయింది.

హైదరాబాదుకు ఈ కథతో దగ్గరి చుట్టరికం ఉంది. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం పొందిన మొదటి భవనం ఈ నగరంలోనిదే. హైటెక్ సిటీ సమీపంలోని సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రానికి 2003లో ఆ గౌరవం దక్కింది. మరుసటి సంవత్సరం జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. సైబర్ టవర్స్ అంతకు మునుపే, 1998లో, వెలసింది. ఆ ప్రాంతానికి మెట్రో రైలు వచ్చింది మాత్రం 2019లో. నడుమ ఇరవై ఏళ్లకు పైగా గడిచాయి. ఈలోగా కొండాపూర్, గచ్చిబౌలి రోడ్లు కార్లతో, ద్విచక్ర వాహనాలతో నిండిపోయాయి. బ్రెజిల్‌లోని కురిచిబా నగరం ఇందుకు భిన్నమైన వరుస పాటించింది. అక్కడ ముందు బస్సు దారులు నిర్ణయించారు. 1974 నుంచి వాటికి ప్రత్యేకమైన బాట వేశారు. ఎత్తైన భవనాలను ఆ దారుల వెంబడికి మళ్లించారు. అందుచేత జనం చిక్కగా ఉన్నచోటికే బస్సు వెళ్లింది.

ఆ ఆదివారం రాత్రి లెక్కల అధికారి కరపత్రం వెనుకవైపు తెల్లకాగితం మీద కూడికలు మొదలుపెట్టాడు. స్థలం నుంచి కార్యాలయానికి 28 కిలోమీటర్లు. రానుపోను 56. నెలకు 24 పనిదినాలు. సుమారు 1,340 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 90 లీటర్ల పెట్రోలు. ఆనాటి ధరకు పదివేల రూపాయలకు కాస్త తక్కువ. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే నెలకు 200 కిలోల పైమాట. ఇక ఇంటి ఆదా చూద్దామంటే, వారు వాడేది నెలకు 200 యూనిట్లు. అందులో నూటికి 30 వంతులు 60 యూనిట్లు. మన దేశపు విద్యుత్తులో యూనిట్‌కు ఉజ్జాయింపుగా 0.7 కిలోల వాయువు చొప్పున, మిగిలేది 42 కిలోలు. ఇల్లు ఆదా చేసిన దానికి ఐదింతలు కారు ఒక్కటే ఊదివేస్తుంది. ఇది భర్త ప్రయాణపు లెక్క మాత్రమే. ఆమె పాఠశాల సికింద్రాబాదులో. రెండవ కారుకు చోటు ఎందుకిచ్చారో అప్పుడు అర్థమైంది.

అతడిని ఎక్కువగా కలవరపెట్టిన అంకె వేరే ఉంది. ఒకవైపు గంటంబావు ప్రయాణం చొప్పున నెలకు 60 గంటలు. ఇంటర్మీడియట్ చదువుతున్న కూతురికి ఆ 60 గంటలలో ఒక్కటీ మిగలదు.

అయినా మనసు తెగలేదు. ఆకు బొమ్మ మీద మోజు అంత తేలికగా పోయేది కాదు. బయానాగా లక్ష రూపాయలు అప్పటికే కట్టి ఉన్నారు. మరొక్కసారి చూసి వద్దామని వెళ్లారు. అప్పటికి వానలు మొదలయ్యాయి. దారిలో టీకొట్టు దగ్గర ఆగినప్పుడు కొట్టు నడిపే ముసలమ్మ, "చెరువు నిండి అలుగు పారిందంటే ఈ రోడ్డు రెండు దినాలు బందే బిడ్డా" అన్నది. స్థలం మెరక మీదే ఉంది, చెరువు శిఖంలో లేదు, కాగితాలన్నీ సక్రమమే. స్థలానికి చేరే ఏకైక మార్గం మాత్రం అలుగు దిగువన సాగుతోంది. కరపత్రంలోని పటంలో ఆ చెరువు నీలిరంగు చుక్కగా ఉంది, అలుగు లేదు.

నీటి దారిని మరచి కట్టుకున్నందుకు ఈ నగరం చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 1908 సెప్టెంబరు వరదలో మూసీ వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాతే విశ్వేశ్వరయ్యను రప్పించి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు రూపకల్పన చేయించారు. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వచ్చింది. ఆ కట్టడిని సడలిస్తూ 2022లో మరొక ఉత్తర్వు వచ్చింది. 2020 అక్టోబరు వానలకు పాతనగరం పక్కన పల్లె చెరువు కట్ట తెగి కాలనీలు మునిగిన దృశ్యాలు ఇంకా ఎవరికీ మరపునకు రాలేదు.

బయానా సొమ్ములో సగమే వెనక్కి వచ్చింది. మిగతా సగం కోసం ఆరు నెలలు తిరిగి ఊరుకున్నారు.

వారు చివరకు కొన్నది తార్నాకలోనే, ఇరవై రెండేళ్ల నాటి భవనంలో పై అంతస్తు. దానికి ఏ ధ్రువపత్రమూ లేదు. పడమటి గోడ మే నెలలో పెనంలా కాగుతుంది. మొదటి వేసవి గడిచిన తరువాత భవనంలోని కుటుంబాలన్నీ చందాలు వేసుకుని మిద్దెకు తెల్లని చలువపూత వేయించారు. తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించినదీ ఆ ఏడాదే, 2023లో. దూలానికి ఉన్న పంకా ఇప్పుడు రాత్రిళ్లు కాస్త చల్లగాలి విసురుతున్నది. ఏ.సీ. కొనే ఆలోచన మాత్రం భర్త ఇంకా పూర్తిగా విరమించుకోలేదు.

అతడు తార్నాకలో మెట్రో ఎక్కి, మారనక్కర లేకుండా హైటెక్ సిటీలో దిగుతాడు. దారిలో దినపత్రిక పూర్తవుతుంది. ఇంటి నుంచి స్టేషనుకు నడక పది నిమిషాలు. ఆ దారిలో కాలిబాట రెండు చోట్ల తెగిపోయి ఉంటుంది. ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, మరొకచోట పండ్ల బండ్లు. అక్కడ రోడ్డు మీదికి దిగి, వెనుకనుంచి వచ్చే వాహనాలను చూసుకుంటూ నడవాలి. కాలిబాట బాగుచేయమని ఆమె పురపాలక కార్యాలయానికి రెండు అర్జీలు పెట్టింది. మూడవది వ్రాస్తున్నది.