ఆఖరి స్థానం నుంచి కప్పు దాకా.. డెక్కన్ చార్జర్స్ అసలేం మార్చుకుంది?

ఇప్పటి కుర్రాళ్ళకి హైదరాబాద్ ఐపీఎల్ జట్టంటే సన్‌రైజర్సే. అంతకు ముందు ఇంకో జట్టుండేదనీ, అది ఒకసారి కప్పు కూడా కొట్టిందనీ మా టీములో కొత్తగా చేరిన అబ్బాయికి చెప్తే "నిజంగానా అన్నా?" అన్నాడు. వాడి తప్పేం లేదు లెండి. జట్టూ లేదు, పేరూ లేదు, చెప్పుకునేవాళ్ళూ తగ్గిపోయారు.

డెక్కన్ చార్జర్స్ ముచ్చట ఎక్కడైనా వస్తే మాత్రం ఒకటే పాట వినిపిస్తుంది. 2008లో అట్టడుగున ఉన్న జట్టు పట్టుదలతో 2009లో కప్పు గెలిచింది, మీరూ అలాగే కష్టపడండి అని. ట్రైనింగుల్లో చూపించే స్లైడ్ల మీద ఇలాంటివి బాగా నడుస్తాయి. నాకెందుకో ఈ లెక్క మొదట్నుంచీ మింగుడుపడదు. అంటే 2008లో వాళ్ళకి పట్టుదల లేదనా?

ఒకసారి ఆ సీజన్ చూడండి. వేలంలో సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొన్నారు. ధోనీ తర్వాత అదే పెద్ద ధర. గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిదీ, రోహిత్ శర్మ, ఆర్పీ సింగ్.. కాగితం మీద ఇంతకంటే బలమైన జట్టు లేదు. కెప్టెన్ మన లక్ష్మణ్. ఐకాన్ ప్లేయర్ హోదా తీసుకుంటే జట్టులో అందరికంటే ఎక్కువ డబ్బు ఆయనకివ్వాలి. ఆ డబ్బుతో వేరేవాళ్ళని కొనుక్కోండి అని ఆ హోదానే వదులుకున్నాడు. అంత చేస్తే ఏమైంది? 14 మ్యాచుల్లో రెండే గెలుపులు. రెండూ బయటే.. ఒకటి ముంబై మీద, ఒకటి చెన్నై మీద. ఉప్పల్లో ఆడిన ఏడింటికి ఏడూ పోయాయి.

కష్టపడకపోవడం వల్లే పోయాయా? ఏప్రిల్ 24న ఉప్పల్లో రాజస్థాన్‌తో మ్యాచ్ గుర్తుందా? సైమండ్స్ 117 నాటౌట్, జట్టు స్కోరు 214. ఆఖరి ఓవర్ సైమండ్సే వేశాడు. షేన్ వార్న్ అతణ్ణి సిక్సర్లు కొట్టి ఒక బంతి మిగిలుండగానే గెలిపించేశాడు. సెంచరీ కొట్టినవాడే ఆ రాత్రి అందరికీ విలనయ్యాడు. (ఆ ఓవర్ వేసినవాడూ, కొట్టినవాడూ ఇద్దరూ 2022లో రెండు నెలల పైచిలుకు తేడాతో పోయారు. అప్పుడప్పుడూ ఆ ఓవర్ గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది.) ముంబై మీద గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో సెంచరీ చేసింది కూడా ఈ "చెత్త" సీజన్‌లోనే.

ఇక 2009. ఎన్నికలూ ఐపీఎలూ ఒకేసారి రావడంతో టోర్నీ మొత్తాన్ని దక్షిణాఫ్రికాకి తరలించారు. అంటే ఉప్పల్ అన్న మాటే లేదు. కెప్టెన్‌గా లక్ష్మణ్ బదులు గిల్‌క్రిస్ట్, కోచ్‌గా డారెన్ లీమన్ వచ్చారు. మొదటి నాలుగు మ్యాచులూ వరసగా గెలిచారు. ఆ తర్వాత మళ్ళీ పాత కథే, ఒకటి గెలిస్తే రెండు పోయేవి. చివరికి ఏడు గెలిచి ఏడు ఓడి, నాలుగో స్థానంతో సెమీస్‌కి ఈడ్చుకుంటూ చేరారు. సగం మ్యాచులు ఓడిన జట్టు చాంపియన్ అయిందన్న సంగతి ఏ స్లైడ్ మీదా ఉండదు, గమనించారా?

అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా ఇల్లు ఫిల్మ్‌నగర్‌లో, కొండరాళ్ళ మధ్య ఉండే బస్తీలో. నాన్న సినిమాలకి లైట్‌మ్యాన్. మేముండేదేమో రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ చాంబర్ అన్నీ ఉన్న చోట, బతికేదేమో నాన్న కాల్‌షీట్ల మీద. బాబాయ్ మాత్రం మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. మా వంశంలో మొదటి ఇంజనీరు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు గారి ఉత్తరం బయటికొచ్చాక ఊరంతా కంప్యూటర్ ఉద్యోగాలంటే భయపడిన రోజులవి. బాబాయ్‌ది సత్యం కాదు, ఇంకో చిన్న కంపెనీ. అమెరికాలో క్లయింటు ప్రాజెక్టు మూసేశాడు, బాబాయ్ బెంచి మీదికొచ్చాడు. మార్చిలో రేటింగులిచ్చారు. బెంచి మీదున్నవాళ్ళకి సహజంగానే అడుగు రేటింగ్. ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది. అంతకు ముందు ఏడాది అదే మనిషికి అదే కంపెనీ మంచి పనివాడని సర్టిఫికెట్ ఇచ్చింది!

రూము ఖాళీ చేసి మా ఇంటికొచ్చాడు. ఊళ్ళో తాతయ్యకి చెప్పలేదు. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయటికెళ్ళి, ఎక్కడెక్కడో తిరిగి, సాయంత్రం మ్యాచ్ టైముకి వచ్చేవాడు. నాలుగింటికో ఆట, ఎనిమిదింటికో ఆట. ఇద్దరం టీవీ ముందు చేరేవాళ్ళం.

మే 16 బాగా గుర్తు. ఎన్నికల ఫలితాలొచ్చిన రోజు. చిరంజీవి పార్టీకి 294లో 18 సీట్లే వచ్చాయని తెలిసి మా వీధి వీధంతా మూగబోయింది. పాలకొల్లులో ఆయనే ఓడిపోయాడు, తిరుపతిలో గెలిచాడనుకోండి. అదే రోజు కోల్‌కతాతో మ్యాచ్. ఆఖరి ఓవర్లో 21 పరుగులు కావాలి. రోహిత్ శర్మ బాదుతుంటే బాబాయ్ మంచం మీంచి లేచి నిలబడ్డాడు. చివరి బంతికి సిక్స్! నెలన్నర తర్వాత బాబాయ్ నవ్వగా చూడటం అదే. అదే రోహిత్ పది రోజుల ముందు ముంబై మీద బంతితో హ్యాట్రిక్ తీశాడు. తర్వాత అదే ముంబైకి కెప్టెనై ఐదు కప్పులు తెచ్చిపెట్టాడు.

సెమీస్‌లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85. మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరుతో ఫైనల్. అంతటి గిల్‌క్రిస్టూ కుంబ్లే వేసిన మొదటి ఓవర్లోనే డకౌట్. గిబ్స్ ఓపిగ్గా 53 కొట్టి చివరిదాకా నిలబడితే స్కోరు 143 అయింది. కుంబ్లేకి నాలుగు వికెట్లు. సైమండ్స్ వరసగా టేలర్‌నీ కోహ్లీనీ పంపించినా మ్యాచ్ ఆఖరి ఓవర్ దాకా లాగింది. 15 కావాలి, ఆర్పీ సింగ్ చేతిలో బంతి, ఎదురుగా ఉతప్ప. ఆరు పరుగుల తేడాతో కప్పు మనది.

మేం గంతులేస్తుంటే అప్పుడే షూటింగ్ నుంచి వచ్చిన నాన్న అడిగాడు, "వీళ్ళేనా పోయినేడు అన్నీ ఓడింది?"

"ఔనన్నయ్యా, వీళ్ళే" అన్నాడు బాబాయ్.

"మరింకేంరా. నేను హిట్ సినిమాకీ అదే లైటు పట్టుకున్నా, ఫ్లాప్ సినిమాకీ అదే లైటు పట్టుకున్నా. లైటు బరువు మారదు."

నాన్న ఓదార్పుగా అన్నాడో మామూలుగా అన్నాడో తెలీదు గానీ, క్రికెట్ గురించి ఇంతకన్నా మంచి విశ్లేషణ నేను ఎక్కడా చదవలేదు. ఫైనల్ ఆడినవాళ్ళలో గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, రోహిత్, వేణుగోపాలరావు, ఆర్పీ సింగ్, ఓజా.. ఈ ఏడుగురూ 2008లో అట్టడుగున ఉన్నవాళ్ళే. లైటు అదే. మారింది చుట్టూ ఉన్న సెట్టు. కొత్త కెప్టెన్, కొత్త కోచ్, సొంత ఊళ్ళో ఓడిపోతామన్న బెంగ లేని మైదానాలు. ఆర్పీ సింగ్ 23 వికెట్లతో టోర్నీలోనే మొదటివాడయ్యాడు. వీటికి తోడు కాస్త అదృష్టం, ఆఖరి బంతికి ఒక సిక్సూ, ఫైనల్లో ఆరు పరుగులూ. అటుపక్క, జట్టు కోసం ఐకాన్ డబ్బు వదులుకున్న లక్ష్మణ్ ఆ ఫైనల్ పదకొండు మందిలో లేడు. ఈ విషయం ఏ స్లైడ్ మీద పెడతారు?

ఆ తర్వాత కథ తెలిసిందే. 2010లో తెలంగాణ ఉద్యమం వల్ల సొంత మ్యాచులు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకి పోయాయి. అయినా సెమీస్ దాకా వెళ్ళారు. 2012లో యాజమాన్యం అప్పుల్లో మునిగింది, సెప్టెంబర్‌లో బీసీసీఐ జట్టుని రద్దు చేసింది. సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకి కొత్త జట్టు కొనుక్కుంది. చార్జర్స్ ఆఖరి మ్యాచ్ ఆ ఏడాది మే 20న ఉప్పల్లో, మళ్ళీ బెంగళూరుతోనే. తొమ్మిది పరుగులతో గెలిచి వెళ్ళిపోయారు. మూతపడుతున్న కంపెనీలో ఆఖరి రోజు కూడా బగ్ ఫిక్స్ చేసి పోయిన ఉద్యోగుల్లాగా. :)

బాబాయ్‌కి ఆ ఆగస్టులో ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అదే జావా, అదే మనిషి. మూడేళ్ళకి లీడ్ అయ్యాడు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే.. ఈసారి మా టీము రేటింగులకి నేను పేర్లివ్వాలి. ఎనిమిది మందిమి. ఒకరు అడుగున ఉండి తీరాలట, బెల్ కర్వ్ అలా ఉందట. ఈ ఏడాది ఆ అడుగు రేటింగ్ ఊరికే ఇచ్చే రేటింగ్ కాదని అందరికీ తెలుసు, లిస్టు తయారవుతోంది. లెక్క ప్రకారం పేరు ఎవరిదో కూడా కనిపిస్తూనే ఉంది. క్లయింటు మధ్యలో వదిలేసిన మాడ్యూల్ చేసినామె. ఆమె కోడ్ నేను రివ్యూ చేశాను. పోయినేడు మేమందరం మెచ్చుకున్న కోడ్‌కీ దీనికీ తేడా ఏమీ లేదు.

నేను ఆమె పేరు ఇవ్వదల్చుకోలేదు. ఎనిమిది మంది పనీ విడివిడిగా రాసి, మాడ్యూల్ ఎందుకు ఆగిందో, ఎవరు ఆపారో రాసి, అడుగున పెట్టదగ్గ పని ఈ టీములో లేదని మేనేజర్‌కి పంపుతున్నాను. కర్వ్ నిండకపోతే నా పేరుతో నింపుకోవచ్చు. ఆ అవకాశం లేకపోలేదని నాకూ తెలుసు, ఇంట్లో కూడా చెప్పాను.

మీ టీముల్లోనూ ఈ నెల్లో ఇదే నడుస్తుండొచ్చు. పేరు రాసే ముందు ఒక్కసారి ఆలోచించండి. మీరు కొలుస్తున్నది మనిషినా, లేక ఆ ఏడాది ఆ మనిషికి దొరికిన మైదానాన్నా?