తాళం తీసిన బీరువా

పూర్ణా మార్కెట్ వెనుక సందులోని మేడగదిలో మేము దంపతులం కొన్నేళ్లుగా సాయంకాలం పాఠాలు చెబుతున్నాము. కూరగాయల వర్తకుల, ముఠా కూలీల బిడ్డలే ఎక్కువగా వస్తారు. వారికి గణిత విజ్ఞానశాస్త్రాలపై ఆసక్తి కలగాలని కటకాలు, అయస్కాంతాలు, పరీక్ష నాళికలు కొని గాజు బీరువాలో అమర్చాము. అమర్చి, తాళం వేశాము!

ఒకనాడు ఎనిమిదో తరగతి బాలిక చేతి నుండి కటకం జారి పగిలింది. గట్టిగా మందలించాము. ఆపై ఏ బిడ్డా ఏ వస్తువునూ ముట్టలేదు, ఏమీ అడగలేదు. ఆ నిశ్శబ్దాన్ని క్రమశిక్షణ అనుకుని సంతోషించాము కూడా. వారం తిరగకముందే ఆ బాలిక రావడం మానేసింది.

ఆమె తండ్రి ఉల్లిపాయల వర్తకుడు. దుకాణానికి వెళితే, "ఆడపిల్లకు ఈ చదువు చాలు మాస్టారూ" అన్నాడు. ఆయన బేరంలో మునిగి ఉండగా బాలిక మా దగ్గరకు వచ్చి గుసగుసగా అంది: "ఆపా, అబ్బా కాటా తప్పు చూపిస్తోంది. సరుకు పళ్లెం మార్చితే తూకం మారుతోంది. మీరు కోప్పడతారని అడగలేదు."

ఆ మాట మమ్మల్ని కలచివేసింది. తండ్రిని బతిమాలి, ఆ పాత కాటాతో సహా బిడ్డను పిలిపించుకున్నాము. బీరువా తాళం తీశాము. వరుసలు తీసేసి చాపలు గుండ్రంగా పరిచాము. అవే ఉల్లిపాయలు ఒక పళ్లెంలో 1000 గ్రాములు, రెండో పళ్లెంలో 960 గ్రాములు తూగాయి. కారణం మేము చెప్పలేదు. ఒకడు రాళ్లను అనుమానించాడు, మరొకడు లేచి ఫ్యాను ఆపాడు. అరగంట వాదులాట నడిచింది. చివరకు ఆ బాలికే దారంతో కాటా చేతులను కొలిచింది. ఒకటి 3 మిల్లీమీటర్లు పొడవు! ఎప్పటి మరమ్మతులోనో కొక్కెం జరిగింది; ఖాళీ పళ్లాలు సమంగా నిలిచేందుకు ఎవరో ఒకదానికి తీగ చుట్టారు. రెండు తూకాల లబ్ధానికి వర్గమూలం కడితే అసలు బరువు వస్తుంది: సుమారు 980 గ్రాములు. పుస్తకంలో బట్టీపట్టిన వర్గమూలానికి ఆ సాయంత్రం ఒక పని దొరికింది.

ముతఫ్ఫిఫీన్ సూరా ఆ పిల్లల్లో చాలామందికి కంఠస్థమే. తూకంలో తగ్గించేవారిని గురించిన ఆ సూరా వినేవారు ఇలా కాటా పట్టుకుని కూర్చోవడం మాత్రం అదే మొదలు. 1121లో మర్వ్ నగరంలో అల్ ఖాజినీ తక్కెడలపై పెద్ద గ్రంథమే రాశాడని చెప్పాము. మర్వ్ మరీ దూరమనిపిస్తే, మన డాబా గార్డెన్స్‌లోనే 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో ఖగోళ వేధశాల నెలకొల్పారు.

విషయం విన్న తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. "అంటే కొన్నవారికి కిలోకు 20 గ్రాములు తక్కువ వెళ్లిందా?" అని మెల్లగా కూతురినే అడిగాడు. ఆమె తలూపింది. అందరినీ వెదికి తిరిగి ఇవ్వడం ఎలా సాధ్యం? కాటా మార్చాడు. ఇప్పుడు అడగకుండానే ప్రతివారికీ కొసరు వేస్తున్నాడు. సాయంత్రం కాగానే, "పాఠానికి పొద్దుపోతోంది, వెళ్లమ్మా" అని తానే తొందరపెడుతున్నాడట.

ఈ నెలలో రెండు పరీక్ష నాళికలు పగిలాయి. చీపురు ఇప్పుడు బీరువా పక్కనే ఉంచుతున్నాము.