అండమాను దీవులలో ఆరు దినములు

మన యిండ్లలో స్త్రీలకు ప్రయాణమన్న రెండే కారణములు: పుట్టింట పెండ్లి, లేదా తీర్థయాత్ర. కాశీ రామేశ్వరములకు పోదుమన్న కాదనువారుండరు. గుడి లేని చోటికి, కేవలము సముద్రమును చూచుటకై పోదుమన్నచో "అక్కడ ఏమున్నదని?" అను ప్రశ్న వెంటనే పుట్టును. గడచిన సంక్రాంతి సెలవులలో మేము అండమాను దీవులకు పోయివచ్చితిమి. అక్కడ నేమున్నదో, ఏల చూడవలయునో సోదరీమణులకు మనవి చేయుటకే యీ వ్యాసము.

మా వారు ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించు ఉపాధ్యాయులు. ఏటేట పిల్లలకు అండమాను చెఱసాలను గూర్చి పాఠము చెప్పి యింటికి వచ్చినపుడు, "కంట చూడని దానిని చెప్పుచున్నాను గదా" అని నొచ్చుకొనువారు. మూడేండ్లపాటు జీతములో కొంత వెనుకవేసి ప్రయాణమునకు సొమ్ము కూర్చుకొంటిమి. సొమ్ము చిక్కు తీరినను వేరొక చిక్కు మిగిలెను.

మా అత్తగారి పుట్టినిల్లు దివిసీమ. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనలో పెండ్లి కావలసిన ఆమె చెల్లెలు కొట్టుకొనిపోయినది. అత్తగారు అప్పటికే కాపురమునకు వచ్చియుండుటచే బ్రతికిరి. ఆనాటినుండి ఆమె సముద్రము ముఖము చూడలేదు. మాఘ పూర్ణిమకు బంధువులందరు హంసలదీవి సంగమ స్నానమునకు పోయినను ఆమె కదలలేదు. మేము సముద్రమును పుస్తకములలో నెఱుగుదుము. మా తండ్రిగారు చెప్పిన ప్రబంధములలో అష్టాదశ వర్ణనలందు అదియు నొకటి. ఆమె యెఱిగిన సముద్రము వేరు.

"మీరు వెళ్ళిరండి అమ్మాయీ, ఇల్లు నేను చూచుకుంటాను" అని ఆమె అనిరి. మా పదేండ్ల చిన్నది "నాయనమ్మ రాకపోతే నేనూ రాను" అని భీష్మించెను. రెండు దినములు వాదము జరిగిన మీదట, "సరే, విమానములో వస్తాను. పడవ మాత్రము ఎక్కను" అను ఒడంబడికతో ఆమె బయలుదేరిరి.

అండమానునకు పోవుటకు రెండు మార్గములు. చెన్నపట్టణము, కలకత్తా, విశాఖపట్టణము రేవులనుండి ఓడలు పోవును. సుమారు 1200 కిలోమీటర్ల సముద్రము దాటుటకు మూడు దినములవరకు పట్టును. ఓడలు దినదినము ఉండవు గావున తేదీలు ముందుగా విచారించుకొనవలయును. విమానమునకు చెన్నపట్టణమునుండి రెండు గంటలకు పైగా పట్టును. మేము రైలులో చెన్నపట్టణము చేరి తెల్లవారుజామున విమానమెక్కితిమి. అత్తగారు కిటికీ ప్రక్క కూర్చుండుటకు ఒప్పుకొనలేదు. దీవులు కనబడుచున్నవని చిన్నది కేకవేసినపుడు మాత్రము ఒక్కసారి మెడ చాచి చూచిరి. నీలపు నీటిలో పచ్చని అడవుల ముద్దలు, వాని అంచున తెల్లని యిసుక గీతలు. చిన్న పెద్ద కలిపి 800కు పైగా దీవులుండగా జనులు వసించునవి నలువదింటికి లోపేనట.

రాజధానికి పూర్వమున్న పోర్టు బ్లెయరు అను పేరు తీసి 2024లో శ్రీ విజయపురమని పెట్టినారు. ఎత్తుపల్లముల ఊరు. ఏ వీధి చివర నిలిచినను సముద్రము కనబడును. ఈ దీవులు బర్మా, సుమత్రాలకు చేరువగా నున్నవి. గడియారము మాత్రము మనదే గనుక ఉదయము ఐదున్నరకే చక్కని వెలుతురు వచ్చును. సాయంకాలము ఐదున్నరకే దీపములు పెట్టవలసివచ్చును. పోవువారు దీనిని గుర్తుంచుకొని తెల్లవారకమునుపే లేచిన గాని దినము చాలదు.

బజారులో దిగగానే మన భాష చెవినిపడెను. చేపల గంప ముందు కూర్చున్న ముసలమ్మ ఒకతె శ్రీకాకుళపు యాసలో బేరమాడుచుండెను. ఆమె మామగారి కాలమున వచ్చినారట. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులవారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. "ఇక్కడా మనవాళ్ళే!" అని అత్తగారు తొలిసారి నవ్విరి. శాకాహారులకు భోజనమునకు లోటులేదు. అయినను ఇంటినుండి గోంగూర పచ్చడి, కందిపొడి తెచ్చుకొన్నవారికి సుఖము.

మొదటి దినము మధ్యాహ్నము చెఱసాలకు పోతిమి. 1857 తిరుగుబాటు పిదప, 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో ఆంగ్లేయులు ఇచ్చట ప్రవాస శిక్షా స్థానమును స్థాపించిరి. నాటినుండి దీనికి నల్లనీరు అనునర్థమున కాలాపానీ యని పేరు వచ్చినది. సెల్యులార్ జైలు అను నీ కట్టడము 1896లో మొదలై 1906లో ముగిసినది. నడుమ కావలి గోపురము, దానినుండి బండిచక్రపు ఆకులవలె ఏడు బారులు, ఒక్కొక్క బారు మూడంతస్తులు. ఏ బారు గదుల తలుపులు చూచినను ఎదుటి బారు వీపునే చూచును. ఖైదీకి ఖైదీ ముఖము కనబడరాదను దుర్బుద్ధితో కట్టినారు. ఏడింటిలో నేడు మూడే మిగిలినవి. 1979 ఫిబ్రవరి 11న దీనిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి.

గానుగల కొట్టము చూచితిమి. ఎద్దులు త్రిప్పవలసిన గానుగను మనుష్యులచే త్రిప్పించి కొబ్బరినూనె, ఆవనూనె తీయించెడివారు. తూకము తగ్గినచో కొరడా. 1933 నిరాహారదీక్షలో మహావీర సింహుడు, మోహిత మైత్ర, మోహన కిశోర నామదాసు ప్రాణములు విడిచిరి. 1937లో మరల దీక్షలు సాగిన మీదట రాజకీయ ఖైదీలను మాతృభూమికి మరలించిరి. మన మన్యమునుండియు ఇచ్చటికి వచ్చినవారు కలరు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఇచ్చట శిక్ష అనుభవించి, విడుదలయై, 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోకసభకు ఎన్నికైనాడు. మా వారు ఒక గదిలో నిలిచి చిన్నదానికి ఈ కథ చెప్పుచుండగా అత్తగారును లోనికి వచ్చిరి.

ఆ గదిలో నిలిచి ఒక్కసారి చేతులు చాచిన చాలును, దాని యిరుకు తెలియును. వెనుకగోడకు మనిషికి అందని యెత్తున చిన్న గవాక్షము. అత్తగారు దానివంక చాలసేపు చూచి, "చుట్టూ ఇంత సముద్రముంటే, వీళ్ళకు చుక్క నీరైనా కనపడనివ్వలేదు గదా" అనిరి. తలుపు గడియను చేతితో తడవి చూచిరి. సాయంకాలము ఆవరణలో వెలుగునీడలతో, మాటలతో ఆ చరిత్రను ప్రదర్శింతురు. అది ముగిసి వెలుపలికి వచ్చుచుండగా ఆమె మా వారిని, "రేపటి పడవ ఎన్నింటికిరా?" అని అడిగిరి. మే మెవ్వరము మారుపలుకలేదు.

రెండవ దినపు పడవ చిన్నది. ఊరి రేవునుండి రాసు దీవికి పావుగంట ప్రయాణము. ఈ దీవికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోసు పేరు పెట్టినారు. 1943 డిసెంబరు 30న ఆయన పోర్టు బ్లెయరులో త్రివర్ణ పతాక మెగురవేసిన దానికి గుర్తుగా ఆ పేరు. ఆంగ్లేయ దొరల విందులకు, నాట్యములకు నిలయమై, 1941 భూకంపమునకు దెబ్బతిని, 1942లో జపానువారు ఆక్రమించిన పిదప ఈ దీవి పాడుపడినది. జపానువారి మూడేండ్ల ఏలుబడిలోను దీవివాసులు హింసలపాలైరి. నేడు ఆ దొరల మేడల గోడలను ఊడలు, వేళ్ళు పెనవేసికొని పట్టుకొన్నవి. జింకలు మన చేతివరకు వచ్చును. పడవలో అత్తగారు కన్నులు మూసికొని, మా చేయి విడువక కూర్చుండిరి. తిరుగు ప్రయాణమున మాత్రము కన్నులు తెరచియే యుండిరి.

ఆ మధ్యాహ్నము చాథం దీవిలోని కోతమిల్లు చూచితిమి. ఇది 1883 నాటిది. ఊరికి వంతెనతో కలిసియున్నది. ఇక్కడి పడాకు కఱ్ఱ ఎఱ్ఱని చాయ కలది. మిల్లు ఆవరణలో యుద్ధకాలపు బాంబు తవ్విన గుంట నేటికిని ఉన్నది.

మూడవ దినమున స్వరాజ్ ద్వీపమునకు ప్రయాణము. పూర్వము దీని పేరు హేవ్‌లాకు. ప్రభుత్వ ఓడలో సుమారు రెండున్నర గంటలు. నడిసముద్రమున ఓడ ఊగినపుడు మాకే కడుపులో త్రిప్పెను. నిమ్మకాయ వాసన చూచుచు, ఆహారము మితముగా తిని కూర్చుండుట మేలు. అత్తగారికి ఏమియు కాలేదు! పైగా మాకు వీపు నిమురుచు కూర్చుండిరి.

ఆ దీవిలో రేవునుండి సుమారు 12 కిలోమీటర్ల దూరమున రాధానగరు తీరమున్నది. మహావృక్షముల నీడ దాటి వచ్చినంతనే పిండివంటి యిసుక, దాని ముందు అర్ధచంద్రాకారమున సముద్రము. నీరు ఒడ్డున గాజువలె, కొంతదూరమున పచ్చగా, ఆవల నీలముగా నుండును. పడమటి తీరము గనుక అస్తమయము చూచుటకు జనులు చేరుదురు. స్నానము చేయదలచువారు కాపలావారు చూపిన మేరలోనే దిగవలయును. ఈ దీవుల నీటిలో మొసళ్ళు కలవు గావున వారి మాట మీరరాదు.

మేము చిన్నదానితో మోకాలిలోతు నీటిలో నుంటిమి. అత్తగారు చెట్టు మొదట కూర్చుండిరి. ప్రొద్దు క్రుంకబోవునపుడు ఆమె లేచి మెల్లగా తడి యిసుకవరకు వచ్చిరి. ఒక అల వచ్చి పాదములు తడిపినది. ఆమె ఒక్క అడుగు వెనుకకు వేసి, మరల ముందుకు వచ్చిరి. కొంగు ముడి విప్పి, కాగితపు పొట్లము తీసి, అందలి పసుపు కుంకుమలు నీటిలో విడిచిరి. ఖాళీ కాగితమును తిరిగి కొంగున ముడివేసికొనిరి. ఆ పొట్లము ఇంటనుండి ఎప్పుడు కట్టుకొని వచ్చిరో మాకు తెలియదు. "దానికి పెళ్ళిచీర కొనిపెట్టి ఉంచాము" అని మాత్రము అనిరి. ఆ రాత్రి మేము ఆమెను మరేమియు అడుగలేదు.

ఐదవ దినమున ఒక గంట ఓడ ప్రయాణముతో షహీద్ ద్వీపము చేరితిమి. పూర్వము నీలు అనెడివారు. అడుగున గాజు పలక బిగించిన పడవలో కూర్చున్నచో నీటిలోని పగడపు తోటలు, వానిలో తిరుగు చేపలు కనబడును. చిన్నది లెక్కపెట్టుచు నూరు దాటి మరచిపోయినది. పాటుపోటులలో నీరు తీసినపుడు అచటి రాతి వంతెన యొద్దకు నడచి పోవచ్చును. ఈ దీవిలో బంగాళపు శరణార్థుల కుటుంబములు కూరగాయలు పండించుచున్నవి. వంకాయ మడులు చూచి అత్తగారు ఒక గృహిణితో చేతి సైగలతోనే అరగంట ముచ్చటించిరి. ఎక్కువ దినములు గలవారు వండూరునుండి జాలీబాయి దీవికి పోవచ్చును. 15 దీవుల మహాత్మాగాంధీ సముద్ర ఉద్యానములోనిది అది. దానికి అటవీశాఖవారి అనుమతి ముందుగా కావలయును, ప్లాస్టిక్కు వస్తువులు కొనిపోరాదు.

కొన్ని జాగ్రత్తలు. నవంబరునుండి ఏప్రిలువరకు పోవుట మంచిది, తక్కిన నెలలలో వానలు మెండు. పగడములు, గవ్వలు ఏరి తెచ్చుట నేరము. విమానాశ్రయమున వెదకి తీసికొందురు. పిల్లలకు ముందే చెప్పవలయును. అడవులలో జారవా మొదలగు ఆదివాసులు తమ బ్రతుకు తాము బ్రతుకుచున్నారు. వారిని చూచుటకై పోవుట, ఫొటోలు తీయుట, తినుబండారములు విసరుట చట్ట విరుద్ధము. అంతకుమించి అమర్యాద. మన యింటి కిటికీలోనుండి పరులు తొంగిచూచిన మన మోర్తుమా? ఆ ప్రశ్న వేసికొనియే వారి అడవి గుండ పోవు దారిని మేము మానుకొంటిమి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ దీవులనుండి వేలకొలది ప్రాణములను కొనిపోయినది. అయినను అచ్చటి తల్లులు మరల ఆ ఒడ్డుననే ఇండ్లు కట్టుకొని పిల్లలను నీటికి పంపుచున్నారు. ఆ ధైర్యము చూచుటయు యాత్రాఫలములో నొకటి యని మాకు తోచినది.

ఇంటికి వచ్చిన మరునాడు ప్రక్కింటి ఆవిడ వచ్చి, "పిన్నిగారూ, అంత దూరము వెళ్ళారు, అక్కడ ఏమున్నదండీ?" అని అడిగెను.

మా అత్తగారు బియ్యములో రాళ్ళు ఏరుచు తలయెత్తి, "సముద్రమే నమ్మా. వెళ్ళి చూచి రా. వచ్చే మాఘమాసానికి మేము హంసలదీవి వెళ్ళుతున్నాము" అనిరి.