గ్యాస్ అయిపోలేదండీ!

మే నెల మధ్యాహ్నం. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలో నీళ్లు కుండనీళ్లంత చల్లగా కూడా ఉండవు. పొద్దున పెట్టిన పెరుగు సాయంత్రానికే పులిసిపోతుంది. ‘గ్యాస్ అయిపోయినట్టుంది’ అంటాడు ఇంటాయన, వంటింట్లో సిలిండర్ అయిపోయినంత తేలిగ్గా. వచ్చిన మెకానిక్ కూడా అదే మాటంటే ఇక తిరుగేముంది? డబ్బు పోసి గ్యాస్ పట్టిస్తారు. వచ్చే వేసవికి మళ్లీ అదే కథ.

నిజానికి ఫ్రిజ్‌లో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. సీలు చేసిన గొట్టాల్లో తిరుగుతూ లోపలి వేడిని మోసుకొచ్చి బయట వదిలేస్తుంది. మళ్లీ లోపలికెళ్తుంది. ఏళ్ల తరబడి అదే పని. అది తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. ఆ లీకు వెతక్కుండా నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. అందుకే ‘గ్యాస్ పోయింది’ అనే మెకానిక్‌ని ‘లీకు ఎక్కడుంది, చూపించు బాబూ’ అని అడిగి తీరాలి. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. మండే గుణమున్నది. పక్కన పొయ్యి వెలుగుతుండగా దాంతో పని చేయనివ్వకూడదు.

మరి చల్లదనం ఎక్కడికి పోతోంది? చాలా ఇళ్లలో తలుపు సందులోంచే. ఓ పది రూపాయల నోటును సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా రావాలి. జారుతూ వచ్చేసిందంటే రబ్బరు పట్టడం లేదన్నమాట. మన వంటిళ్లలో ఆ రబ్బరు మడతల్లో ఏముండదు? ఒలికిన పాలు, సాంబారు చుక్కలు, పోపు జిడ్డు. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలాసార్లు అదే దారికొస్తుంది. ఎండి, పగిలిపోతే రబ్బరు ఒక్కటే మార్పించుకోవచ్చు.

తర్వాత చూడాల్సింది వెనకవైపు. పాత ఫ్రిజ్‌లకు అక్కడ నల్లటి జాలీ ఉంటుంది. లోపలి వేడి బయటికి పోయేది దాన్నుంచే. దుమ్ము, జిడ్డు అట్టకడితే వేడి పోదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ప్లగ్ తీసేసి మెత్తటి బ్రష్‌తో దులపాలి. కొత్తవాటిలో జాలీ కనిపించదు. పక్క గోడలే వేడెక్కుతాయి. అది జబ్బు కాదు, కంగారుపడొద్దు. కాకపోతే ఫ్రిజ్‌ను మూలకు నెట్టి, పక్కన బియ్యం డబ్బా ఆనించి, పైన పూలపూల కవరు కప్పి ముస్తాబు చేస్తే అది మాత్రం ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుంది?

సింగిల్ డోర్ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో మంచు పావు అంగుళం దాటితే డీఫ్రాస్ట్ చేయాల్సిందే. తొందరపడి కత్తితో గీకేవాళ్లున్నారు. ఆ పల్చటి గోడలోనే గ్యాస్ తిరిగే దారులుంటాయి. ఒక్క పోటు పడిందా, ఈసారి గ్యాస్ నిజంగానే పోతుంది!

డబుల్ డోర్‌లో పైన ఐస్ గడ్డకట్టి, కింద మాత్రం చల్లగా లేకపోతే ముందు గాలి వచ్చే కన్నాలకు ఆకుకూర సంచులు అడ్డున్నాయేమో చూడాలి. లేకుంటే ఫ్యానో, మంచు కరిగించే హీటరో పాడై ఉండొచ్చు. కంప్రెసర్ ‘టక్’మని, మళ్లీ ఆగిపోతుంటే ఓల్టేజీ తక్కువై ఉండాలి, లేదా రిలే పోయి ఉండాలి. వీటికి మెకానిక్ కావాలి, నిజమే. గ్యాస్ మాత్రం అక్కర్లేదు.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఇదంతా పెరుగు పులుపుతో పోయే వ్యవహారం కాదు. వాడని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కితే మందు పనితనం తగ్గుతుంది. గడ్డకడితే మళ్లీ కరిగినా పారేయాల్సిందే. చూడ్డానికి బాగానే ఉందని ఇంజెక్షన్ చేసుకుంటే షుగర్ అదుపు తప్పుతుంది. కాబట్టి ఫ్రీజర్ పక్కనా వద్దు, వెనక గోడకు ఆనించీ వద్దు, ఊరికే తెరిచి మూసే తలుపు అరలోనూ వద్దు. మధ్య అరలో, డబ్బాలో పెట్టి, పక్కనే చిన్న ఫ్రిజ్ థర్మామీటర్ ఉంచితే మంచిది. ఫ్రిజ్ మొరాయించిన రోజున పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, దాన్లో సీసా ఉంచితే గదికన్నా చల్లగా ఉంటుంది. ఎన్నాళ్లు వాడొచ్చో డాక్టర్నే అడగాలి.

చాలామంది కన్నెత్తి చూడనిది ఇంకొకటుంది. ఫ్రిజ్ వెనక, కింద నీళ్లు చేరే ట్రే. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఆ కాసిని మంచినీళ్లు చాలు. ఊడి వచ్చే ట్రే అయితే వారానికోసారి తీసి, పారబోసి, అంచులు గట్టిగా రుద్ది కడగాలి. గుడ్లు అతుక్కుని ఉండేది అక్కడే.